బొమ్మ తిప్పినప్పుడల్లా

జూన్ 3, సోమవారం

సంతకం పెట్టను.

పొద్దున మేనేజరు తన గదికి పిలిచి, కుర్చీ చూపించి, మంచినీళ్ళు కూడా ఇప్పించాడు. ఆయన మంచినీళ్ళిప్పించాడంటే ఏదో మింగించబోతున్నాడని అర్థం. ఒక కాగితం నా ముందుకు తోశాడు. గత రెండు నెలల్లో పాడైన పదకొండు పంపు మూతలకూ కారణం మిషను నడిపే మేస్త్రీ అజాగ్రత్త, వయసు వల్ల వచ్చిన చేతి వణుకు. కంప్యూటరులో గానీ ప్రోగ్రాములో గానీ ఏ లోపమూ లేదు. కింద నా పేరు టైపు చేసి ఉంది, దాని పైన చుక్కల గీత.

"కంప్యూటరు బాగుందని మీరేగా పరీక్ష చేసి రాసిచ్చారు? అదే మాట ఇంకో కాగితం మీద. అంతే" అన్నాడు.

"కంప్యూటరు బాగుందని రాశాను సార్. మేస్త్రీ బాగాలేడని రాయలేదు."

"రెండూ ఒకటేనమ్మా. ఆ గదిలో ఉన్నది మిషను, మేస్త్రీ. ఒకరు కాకపోతే ఇంకొకరు."

"ఆ లెక్కన గదిలో ఫ్యాను కూడా ఉంది" అన్నాను.

నవ్వలేదు. పద్నాలుగో తారీఖున ఎంక్వయిరీ అట. షెడ్డు యజమాని, మేమందరం పెద్దాయన అనే మనిషి, స్వయంగా కూర్చుంటాడట. ఆ రోజుకి నా సంతకం కావాలి. మేస్త్రీని ఊరికే పంపరు, 'అజాగ్రత్త' అని రాసి పంపుతారు. ఆ ముక్క వెంటబడితే ఆయన్ని ఇంకే షెడ్డువాడూ గేటు దాటనివ్వడు. ఇరవై రెండేళ్ళు ఇనుము కోసిన మనిషి.

నేను ఇక్కడ చేరిన కొత్తలో స్క్రూడ్రైవరు ఎటు పట్టుకోవాలో కూడా ఆయనే చెప్పాడు. మిషనుకి ప్రోగ్రాము రాసింది నేనే అయినా, మిషను అంటే ఏమిటో నేర్పింది ఆయన. నా ప్రోగ్రాము తప్పు కాదు. మేస్త్రీ తప్పూ కాదు. మరి ఎవరిది అంటే, నాకు తెలీదు. తెలీదు కాబట్టి ఎవడో ఒకడి మెడకు చుట్టేద్దామనడానికి ఇదేమైనా పూలదండా?


జూన్ 4, మంగళవారం

పెట్టలేదు.


జూన్ 5, బుధవారం

మళ్ళీ పరీక్ష చేశాను. మూడు గంటలు.

పద్ధతి ప్రకారమే చేశాను. 'పరీక్ష జరుగుతోంది, ముట్టుకోవద్దు' అన్న కార్డు మిషను అద్దాల గది తలుపుకి తగిలించాను. ఆ కార్డు నా చేతిరాతే, ఎర్ర సిరా. అది తగిలిస్తే షెడ్డులో ఈగ కూడా వాలదు. అంత భయం పెట్టి ఉంచాను అందరికీ. ఊడ్చే ఆవిడ కూడా గుమ్మం దాకా వచ్చి చీపురు ఎత్తి పట్టుకుని వెనక్కి తిరుగుతుంది.

ఈ పరీక్ష ఏమిటంటే, మిషను నడిపే కంప్యూటరు దాని మోటారుకి సెకనుకి నలభై వేల సార్లు 'కదులు, కదులు' అని చెబుతూ ఉండాలి. లోపలున్న గడియారం ఒకటి అన్నిసార్లూ కంప్యూటరు భుజం తడుతుంది. తట్టగానే చేతిలో ఉన్న పని పక్కన పడేసి వెళ్ళి మోటారుకి చెప్పి రావాలి. దాన్నే మేము ఇంటరప్ట్ అంటాం. భుజం తట్టాక లేచేసరికి ఎంత ఆలస్యమైందో కొలవడమే నా పరీక్ష. సెకనుని పది లక్షల ముక్కలు చేస్తే అందులో పదకొండు ముక్కలు వచ్చింది. ఇరవై దాకా పర్వాలేదు. గట్టిగా ఆలస్యమైతే మోటారు అడుగు తప్పుతుంది, ఇనుము కోసే బిట్టు జరిగిపోతుంది, మూత మీద గాడి వెంట్రుకవాసి పక్కకి పడుతుంది. దరిద్రం ఏమిటంటే, అడుగు తప్పిన సంగతి కంప్యూటరుకి తెలీదు. వేశాననే అనుకుంటుంది. అనుకుని ముందుకి పోతుంది.

పదకొండు. మూడు గంటలూ పదకొండే. నిక్షేపంగా ఉంది. ఇలా నిక్షేపంగా ఉండడం చూసి నాకు ఏడుపొచ్చింది.

మేస్త్రీని మిషను దగ్గర్నుంచి తప్పించి స్టోరులో కూర్చోబెట్టారు. బోల్టులు సైజులవారీగా వేరు చేస్తున్నాడు. నేను అటు వెళితే తలెత్తి, "ఏమైనా దొరికిందా అమ్మాయ్?" అన్నాడు. లేదన్నాను. "దొరుకుద్దిలే" అన్నాడు, నన్నే ఓదారుస్తున్నట్టు.

ఏప్రిల్‌లో ఆయన మిషను గురించి ఏదో అన్నాడు. గుర్తులేదు.


జూన్ 6, గురువారం

మా ఆయన ఇవాళ భోజనాల దగ్గర హితబోధ చేశాడు. "నీకెందుకు చెప్పు? మేనేజరు అడిగింది ఒక సంతకం. నువ్వు పెట్టకపోతే ఇంకొకడు పెడతాడు. మధ్యలో నువ్వు చెడ్డ."

"ఇంకొకడు పెడితే ఇంకొకడి ఖర్మ. నా సంతకం నాది" అన్నాను.

అత్తయ్య పళ్ళెంలోంచి తల ఎత్తలేదు. "ఒరేయ్, నీ పదో తరగతి మార్కుల కాగితం మీద మీ నాన్న సంతకం నువ్వే పెట్టుకున్నావు. సంతకాల గురించి నువ్వు మాట్లాడకు" అంది కొడుకుతో. ఆయన గ్లాసెత్తి నీళ్ళు తాగాడు. ఈవిడని నాకు అత్తగా ఇచ్చినందుకు ఎవరికి దణ్ణం పెట్టాలో తెలీదు.


జూన్ 7, శుక్రవారం

దొరికింది! అంటే, దొరికిందనుకుంటున్నాను.

పాడైన మూతల తేదీలు, వేళలు అన్నీ ఒక కాగితం మీద రాసుకుని, ఆ పూటల్లో షెడ్డులో ఏం జరిగిందో ఒక్కొక్కరినీ అడుగుతూ వచ్చాను. కరెంటు హెచ్చుతగ్గులా? కాదు. కొత్త ఇనుమా? కాదు. చివరికి గేటు దగ్గర వాచ్‌మన్ రిజిస్టరు తిరగేశాను. పదకొండింటిలో తొమ్మిది మూతలు పాడైన వేళల్లో షెడ్డు చూడ్డానికి బయటివాళ్ళు వచ్చి ఉన్నారు. సరుకు కొనే పార్టీలు, ఇన్‌స్పెక్టర్లు, ఒకసారి కాలేజీ పిల్లలు నలభై మంది.

"వీళ్ళు వస్తే మిషనుకి దిష్టి తగులుతుందంటారా?" అన్నాడు వాచ్‌మన్.

దిష్టో గిష్టో, ఏదో ఉంది. ఊరికే తొమ్మిది కలవవు. మేనేజరుకి చూపిస్తాను రేపు. చూద్దాం అప్పుడు ఏ ముఖం పెట్టుకుని ఆ కాగితం తోస్తాడో.


జూన్ 8, శనివారం

ముఖం వెలిగిపోయింది ఆయనకి.

"శభాష్! ఇదేనమ్మా నేను చెప్పేది. బయటివాళ్ళు చూస్తుంటే ఆయనకి కంగారు. కంగారులో చెయ్యి వణుకుతుంది. తొమ్మిది సార్లు వణికింది. ఈ కాగితం నాకు ఇచ్చి వెళ్ళండి" అన్నాడు. ఇచ్చి వెళ్ళేలోపే తీసేసుకున్నాడు కూడా.

కోరి కొరివితో తల గోక్కోవడం అంటే ఇదే. మేస్త్రీకి సాయం చేద్దామని వెళ్ళి ఆయన మెడకి నేనే ఉరి పేని వచ్చాను.

"మిషను కోస్తుంటే మేస్త్రీ చేతులు మిషను మీద ఉండనే ఉండవు సార్! బటన్ నొక్కి చేతులు కట్టుకుని నిలబడతాడు. వణికితే ఆయన చొక్కా వణుకుతుంది, బిట్టు కాదు" అన్నాను. గొంతు పెరిగింది. పెరగనీ.

"మీ సంతకం లేకపోయినా ఎంక్వయిరీ జరుగుతుంది. కాకపోతే మీరు సహకరించలేదని కూడా రాయాల్సి వస్తుంది" అన్నాడు.

"రాసుకోండి. స్పెల్లింగు కావాలంటే చెబుతాను" అని వచ్చేశాను. తలుపు కొంచెం గట్టిగానే వేశాను.


జూన్ 9, ఆదివారం

అత్తయ్య ముప్పై ఏళ్ళు టెలిఫోను ఎక్స్‌ఛేంజిలో ఆపరేటరుగా చేసింది. చెవికి హెడ్‌సెట్టు, ముందు ప్లగ్గుల బోర్డు. ఇవాళ నేను బట్టలు ఆరేస్తూ గొణుక్కుంటుంటే, "అలా గోడతో చెప్పకపోతే నాతో చెప్పరాదూ" అంది. మొత్తం చెప్పాను. ఇంటరప్టు, ఆలస్యం, పదకొండు ముక్కలు, విజిటర్లు.

క్లిప్పు నోట్లో పెట్టుకునే విన్నది. విని, "ఆ గడియారం భుజం తట్టగానే కంప్యూటరు లేవాలి. లేవలేదంటే ఏదో లైను పట్టుకుని కూర్చుందన్నమాట" అంది.

"ఏ లైను అత్తయ్యా?"

"నాకేం తెలుసే? మా బోర్డులో పక్క ఊరికి ఒకటే ట్రంకు లైను ఉండేది. ఒక వ్యాపారి రోజూ దాన్ని పట్టుకుని వాగేవాడు. ఆసుపత్రి కాల్ వచ్చినా సరే, ఆయన మాట సగంలో ఉంటే నేను ప్లగ్గు పీకలేను, రూలు ఒప్పుకోదు. పై ఆఫీసువాళ్ళు పరీక్షకి వచ్చిన ప్రతిసారీ 'లైను ఖాళీగానే ఉందే' అనేవాళ్ళు. ఎందుకుండదూ? వాళ్ళు వచ్చేది ఆ మహానుభావుడు భోజనానికి వెళ్ళినప్పుడు."

బట్టలు అక్కడే వదిలేసి ఇంట్లోకి వచ్చేశాను. తడిబట్టలు బకెట్లోనే ఉన్నాయని ఇప్పుడు అరుస్తోంది. అరవనీ.

ఖాళీ లైను. నేను పరీక్ష చేసేదెప్పుడు? ఎవరూ ముట్టుకోనప్పుడు. కార్డు పెట్టి మరీ.


జూన్ 10, సోమవారం

తొమ్మిది వందల నలభై!

మధ్యాహ్నం భోజనాల వేళ అందరూ వెళ్ళాక అద్దాల గదిలోకి వెళ్ళాను. పరీక్ష మొదలుపెట్టాను. పదకొండు. తలుపుకి తగిలించిన ఎర్ర సిరా కార్డు తీసి టేబులు మీద బోర్లా పెట్టాను. మౌసు పట్టుకుని తెర మీద పంపు మూత బొమ్మని తిప్పాను. మార్చి నెలాఖరులో కొత్త గ్రాఫిక్సు కార్డు వేశారు కదా, అప్పట్నుంచి కోస్తున్న మూత తెర మీద నిజం మూతలాగే కనిపిస్తుంది, ఎటు కావాలంటే అటు తిరుగుతుంది. విజిటర్లు వచ్చినప్పుడల్లా మేనేజరు గదిలోకి వచ్చి ఆ బొమ్మని తెగ తిప్పి చూపిస్తాడు. నేనూ తిప్పాను ఆయనలాగే, చక్రం తిప్పినట్టు.

పదకొండు పోయి పద్దెనిమిది, రెండు వందల ఆరు, తొమ్మిది వందల నలభై.

చెయ్యి ఆపాను. మళ్ళీ పదకొండు. తిప్పాను. తొమ్మిది వందల పది. ఆపాను. పదకొండు. ముప్పై సార్లు చేశాను. ఆ గదిలో ఒక్కదాన్నే గెంతాను, సిగ్గేం లేదు.

మేస్త్రీ చెయ్యి వణకలేదు. మేనేజరు చెయ్యి తిప్పింది. విజిటర్ల ముందు గొప్పకి ఆయన బొమ్మ తిప్పినప్పుడల్లా ఒక మూత పోయింది. మిగిలిన రెండూ మేస్త్రీయో నేనో అవతలి వైపు చూద్దామని తిప్పిన వేళలు అయ్యుంటాయి.

తర్వాత గ్రాఫిక్సు కార్డు సెట్టింగులు తెరిచాను. లోపల ఎక్కడో మూడో పేజీలో 'వేగంగా గీయి' అన్నచోట ఎవరో టిక్కు పెట్టి ఉంచారు.


జూన్ 11, మంగళవారం

ఎంక్వయిరీలో పెద్దాయనకి అర్థమయ్యేలా చెప్పాలి కాబట్టి ఇక్కడ ఒకసారి అభ్యాసం చేసుకుంటాను.

గ్రాఫిక్సు కార్డు ముందు చిన్న గుమ్మం లాంటి జాగా ఉంటుంది. కంప్యూటరు గీయాల్సిన గీతలన్నీ అక్కడ పెడుతుంది, కార్డు ఒక్కొక్కటీ తీసుకుని గీస్తుంది. మర్యాద తెలిసిన ప్రోగ్రామైతే పెట్టే ముందు 'చోటుందా?' అని అడుగుతుంది. లేకపోతే ఆగి, ఈలోగా వేరే పని చూసుకుంటుంది. ఆ టిక్కు పెడితే అడగదు. చోటున్నా లేకపోయినా తోసేస్తుంది. అడిగే టైము మిగులుతుంది కాబట్టి బొమ్మ వేగంగా తిరుగుతుంది, చూడ్డానికి బాగుంటుంది. కానీ గుమ్మం నిండిపోతే? తోసిన మూట గుమ్మంలో ఇరుక్కుంటుంది. కంప్యూటరుకీ కార్డుకీ మధ్య దారి ఒక్కటే, బస్సు అంటాం దాన్ని. కంప్యూటరు రెండు చేతులూ ఆ మూట మీదే ఉంటాయి, వెనక్కి లాగలేదు, వదల్లేదు. అప్పుడు గడియారం భుజం తట్టినా, నెత్తిన మొట్టినా, లేవలేదు. మోటారు ఎదురుచూస్తూ అడుగు తప్పుతుంది.

టిక్కు తీసేసి చూశాను. బొమ్మ తిప్పినా పద్నాలుగు దాటలేదు. బొమ్మ కాస్త కుదుపుగా తిరుగుతోంది. తిరగనీ, దాంతో ఎవరికి పెళ్ళి చేయాలి?

ఎవరో పెట్టారు ఆ టిక్కు. కార్డు తెచ్చి బిగించినవాడు పెట్టి ఉండొచ్చు. కార్డుతో వచ్చిన పుస్తకంలో దాని ప్రమాదం గురించి ఒక్క ముక్క లేదు. అలాంటి టిక్కు అసలు ఎందుకు పెట్టుకున్నారో ఆ చేసినవాళ్ళనే అడగాలి.

మేనేజరు కూడా పెట్టి ఉండొచ్చు.


జూన్ 12, బుధవారం

స్టోరుకి వెళ్ళి మేస్త్రీకి చెప్పాను. విని, చేతిలో బోల్టు డబ్బాలో వేసి, "నాకు తెలుసమ్మా దొరుకుద్దని" అన్నాడు. కళ్ళు తుడుచుకోలేదు కానీ కళ్ళజోడు తీసి తుడిచాడు, శుభ్రంగా ఉన్నదాన్ని.

"ఆ టిక్కు ఎవరు పెట్టారో తెలీదు మేస్త్రీ గారూ. ఎవరైనా పెట్టచ్చు. ఆ గదిలోకి రోజూ నలుగురు వస్తారు" అన్నాను.

ఆయన అడగలేదు. నేనే చెప్పాను.

"ఎవరైతే ఏముందిలే. మూతలు ఎందుకు పోతున్నాయో తేలింది, చాలు. టిక్కు సంగతి అక్కడ ఎత్తకమ్మా. నీకు ఇంకా బోలెడు సర్వీసుంది" అన్నాడు. మళ్ళీ బోల్టులు ఏరడం మొదలుపెట్టాడు.

నాకు ఒళ్ళు మండింది. నా సర్వీసుకీ దీనికీ ఏమిటట సంబంధం? ఈ మంచితనం ఎవరు చెయ్యమన్నారు?

ఇంటికొచ్చి అత్తయ్యతో కూడా అదే అన్నాను, ఎవరైనా పెట్టచ్చు కదా అని. ఆవిడ నా ముఖంలోకి చూసి, "గుమ్మడికాయల దొంగ ఎవరే అంటే భుజాలు తడుముకుందట వెనకటికొకతె" అంది. "నేను అడిగానా ఎవరు పెట్టారని?"

అన్నం సయించలేదు.

ఈ డైరీలోనే ఉంది ఏప్రిల్ 2 పేజీ. తెరవలేదు.


జూన్ 13, గురువారం

తెరిచాను. ఉన్నది ఉన్నట్టు ఇక్కడ ఎక్కిస్తున్నాను, మళ్ళీ గుర్తులేదనకుండా.

"ఏప్రిల్ 2. బొమ్మ కుదుపుగా ఉందని మేనేజరు గోల. రేపు పార్టీ వస్తోందట. సెట్టింగుల్లో వేగానికి ఒక టిక్కు కనిపిస్తే పెట్టాను. ఇప్పుడు నూనె రాసినట్టు తిరుగుతోంది. భేష్ అన్నాడు. తర్వాత పరీక్ష చేశాను, పదకొండే. మేస్త్రీ వెనకే నిలబడి, బొమ్మ తిప్పినప్పుడల్లా మిషను గొంతు జీరపోతోందమ్మా అంటాడు. బొమ్మకీ మోటారుకీ ఏం సంబంధం? ముసలి చెవులు. నవ్వేసి ఊరుకున్నాను."

మొదటి మూత ఏప్రిల్ 3న పాడైంది.

నేనే. ఎవరో కాదు. నేనే, నేనే, నేనే.

మేస్త్రీకి మొదట్నుంచీ తెలుసు. వెనకే నిలబడ్డాడు కదా. రెండు నెలలు మాట పడ్డాడు, చివరికి బోల్టులు ఏరుకుంటూ కూర్చున్నాడు కానీ నా పేరు ఎత్తలేదు.

రేపు ఈ డైరీ సంచీలో పెట్టుకుని వెళతాను. మా ఆయనకి చెప్పాను. "రేపు బస్టాపు దాకా దిగబెట్టనా?" అన్నాడు.


జూన్ 14, శుక్రవారం

ఎంక్వయిరీ పదిన్నరకి. నలుగురమే: పెద్దాయన, మేనేజరు, మేస్త్రీ, నేను. మేస్త్రీ ఇస్త్రీ చొక్కా వేసుకుని, కుర్చీ చివర కూర్చున్నాడు, లేవమంటే వెంటనే లేవడానికి వీలుగా.

మేనేజరు చదివాడు. పదకొండు మూతలు, తొమ్మిది విజిటర్ల వేళలు, చేతి వణుకు, మూడుసార్లు చేసిన కంప్యూటరు పరీక్ష. నేను తెచ్చిన గేటు లెక్కనే నా మీద ప్రయోగించాడు, దర్జాగా.

"ఆ పరీక్షలు మూడూ నేనే చేశాను. మూడూ చెల్లవు. ఎందుకు చెల్లవో చూపిస్తాను, మిషను దగ్గరికి రండి" అన్నాను.

"ఇక్కడే చెప్పొచ్చుగా" అన్నాడు మేనేజరు.

"ముంజేతి కంకణానికి అద్దమెందుకు సార్, ఇరవై అడుగుల దూరంలో ఉంది మిషను" అన్నాను. పెద్దాయన అప్పటికే లేచాడు.

పొద్దున్నే టిక్కు మళ్ళీ పెట్టి ఉంచాను, చూపించడానికి. మేస్త్రీని ఒక పాత ఇనుప ముక్క బిగించి కోత మొదలుపెట్టమన్నాను. తెరకి ఒక మూల నా పరీక్ష అంకె కనిపిస్తోంది. పదకొండు.

"ఇదీ ఇన్నాళ్ళూ నేను రాసిచ్చింది" అని చెప్పి, తలుపు మీద కార్డు పీకి, మౌసు మేనేజరు చేతికిచ్చాను. "పార్టీలకి ఎలా చూపిస్తారో పెద్దాయనకీ అలాగే చూపించండి సార్. బాగా తిప్పండి."

పాపం, ఆయనకి ఆ పని ఇష్టం. తిప్పాడు. మోటారు గొంతు మారింది. జలుబు చేసిన మనిషి మాట్లాడినట్టు ఒక జీర. నేను మొదటిసారి విన్నాను దాన్ని. అంత స్పష్టంగా ఉంది. రెండు నెలలుగా అలాగే ఉండి ఉంటుంది.

అంకె ఎనిమిది వందల తొంభై. పెద్దాయన తెర వైపు, మేనేజరు చేతి వైపు, మళ్ళీ తెర వైపు చూశాడు. కోత ఆపాక మేస్త్రీ ఆ ముక్క తీసి కొలిచి, కొలత చూపించాడు. గాడి పక్కకి పోయింది, అన్ని మూతల్లాగే. టిక్కు తీసేసి మళ్ళీ కోయించాను, మేనేజరుతోనే తిప్పించాను. గాడి గీత గీసినట్టు వచ్చింది.

మేనేజరు మౌసు వదిలేశాడు, వేడిగా ఉన్నట్టు. రెండు క్షణాల్లో తేరుకున్నాడు.

"అయితే ఆ టిక్కు పెట్టినవాడిదే తప్పు. అంతే కదా? ఎవరు పెట్టారు?" అని మేస్త్రీ వైపు తిరిగాడు. "రోజంతా ఇక్కడ ఉండేది నువ్వేగా?"

నేను నోరు తెరిచేలోపు మేస్త్రీ అన్నాడు: "నేనే పెట్టుంటాను సార్. బొమ్మ కదలకపోతే ఏదో ఒకటి నొక్కుంటాను."

ఎంత కోపం వచ్చిందో! మేనేజరు మీద కూడా అంత రాలేదు ఎప్పుడూ. "అబద్ధం!" అని అరిచాను. "ఆయనకి ఆ పేజీ ఎక్కడుందో కూడా తెలీదు. తెలిస్తే తెరిచి చూపించమనండి, చూద్దాం!" మేస్త్రీ తల దించుకున్నాడు. సంచీలోంచి డైరీ తీసి ఏప్రిల్ 2 పేజీ పైకి చదివాను. అంతా. 'ముసలి చెవులు' అన్నది కూడా. అక్కడికి రాగానే ఆగాను. మళ్ళీ మొదట్నుంచి ఆ వాక్యం చదివాను, ఎవరికీ వినపడలేదనే అవకాశం ఉండకూడదని.

డైరీ మూశాను.

"ముసలివే గానీ," అన్నాడు మేస్త్రీ నెమ్మదిగా, "వినపడతాయమ్మా."

అప్పుడు ఏడ్చాను. ఏడుస్తూనే పెద్దాయనతో చెప్పాను: టిక్కు నాది, ముట్టుకోవద్దన్న కార్డు నాది, చెప్పిన మనిషి మాట వినకపోవడం నాది. ఏం రాసినా నా పేరున రాయండి. అజాగ్రత్త అన్న ముక్క ఈయన పేరు పక్కన మాత్రం ఉండడానికి వీల్లేదు.

పెద్దాయన మేనేజరు చదివిన కాగితం అడిగి తీసుకుని నాలుగు ముక్కలు చేశాడు. "మేస్త్రీ, సోమవారం నుంచి మీ మిషను దగ్గరికి వచ్చేయండి" అన్నాడు. నాకేమీ చెప్పలేదు.


జూన్ 15, శనివారం

మెమో వచ్చింది. రెండు వారాల సస్పెన్షను. రెండు తప్పులకి క్షమాపణ కోరుతూ మూడు రోజుల్లో రాతపూర్వకంగా జవాబివ్వాలి. ఒకటి, అనుమతి లేకుండా సెట్టింగు మార్చి నష్టం కలిగించడం. రెండు, మేనేజరు ఆదేశించిన పత్రం మీద సంతకం నిరాకరించి, పై అధికారి ముందు ఆయన్ని అవమానపరచడం.

అత్తయ్య చదివి, "రెండోది ఫ్రేము కట్టించు" అంది.


జూన్ 17, సోమవారం

జవాబు పంపాను. నకలు:

"మొదటి తప్పు నాదే. క్షమించండి. పదకొండు మూతల నష్టం కన్నా, ఒక మనిషి చెప్పింది విని నవ్వినందుకు ఎక్కువ సిగ్గుపడుతున్నాను. రెండోది తప్పు కాదు. దానికి క్షమాపణ లేదు. మళ్ళీ అలాంటి కాగితం ఇస్తే మళ్ళీ పెట్టను. ఇకమీదట పరీక్ష బొమ్మ తిప్పుతూనే జరగాలి, మిషను కోస్తుండగా జరగాలి. కొలిచినవారి సంతకంతో పాటు మిషను నడిపేవారి సంతకం కూడా ఉండాలి. ఆయనది ముందు. ఆయన పెట్టకపోతే ఆ పరీక్ష చెల్లదు. ఈ షరతు ఒప్పుకోకపోతే నన్ను తిరిగి పిలవనక్కర్లేదు."

మా ఆయన చదివాడు. "చివరి వాక్యం అవసరమా?" అన్నాడు.

"అదే అవసరం" అన్నాను.


జూన్ 22, శనివారం

ఏమీ రాలేదు.


జూన్ 27, గురువారం

ఏమీ రాలేదు. రాకపోతే పోనీ. ఇనుము కోసే షెడ్డులు ఇదొక్కటేనా?

(రావాలి.)


జూలై 1, సోమవారం

గేటు దగ్గర వాచ్‌మన్ ఆపలేదు. అంటే రమ్మన్నట్టే.

మేనేజరు నన్ను చూసి నాతో కాకుండా గోడతో, "మిషను పరీక్ష మొదలుపెట్టమన్నారు పెద్దాయన" అన్నాడు. గోడకి బదులు నేను సరేనన్నాను.

అద్దాల గది తలుపుకి నా పాత కార్డు లేదు. అదే సైజు అట్ట మీద మేస్త్రీ వంకర అక్షరాలు, ఎర్ర సిరా కోసం ఎక్కడో వెతికాడు కాబోలు: 'పరీక్ష జరుగుతోంది. ముట్టుకోండి.'

లోపల మేస్త్రీ చేతులు కట్టుకుని నిలబడి ఉన్నాడు, మిషను వైపు ఒక చెవి పెట్టి. కోత మొదలైంది. ఊడ్చే ఆవిడ గుమ్మంలో ఆగితే, "రా, నువ్వూ తిప్పు" అన్నాడు. ఆవిడ చీపురు చంకలో పెట్టుకుని, నవ్వుకుంటూ మౌసు పట్టుకుని బొమ్మని గిరగిరా తిప్పింది. నేను అంకె చూస్తున్నాను. పద్నాలుగు. పదమూడు. పద్నాలుగు.

"పద్నాలుగు మేస్త్రీ గారూ" అన్నాను.

"ఆగమ్మా, వింటున్నాను" అన్నాడు.

ఆగాను. నేనూ విన్నాను. గంటసేపు విన్నాడాయన, మూత పూర్తయ్యేదాకా. తర్వాత నూనె చేతులు గుడ్డకి తుడుచుకుని, నా చేతిలోని పెన్ను తీసుకుని, కొత్త రిజిస్టరులో మొదటి గడిలో, ఒక్కో అక్షరమూ కుదురుగా దిద్దుతూ పేరు రాశాడు. పెన్ను తిరిగి నాకిచ్చాడు.

ఆయన పేరు కింద సంతకం పెట్టాను.